నాట్యాచార్య వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి

చేలలో మిరపకాయలు ఎర్రబారి, పత్తి విచ్చుకొనే కాలానికి మన మెట్టప్రాంతపు విద్యాలయాలలో సాంస్కృతికోత్సవాల సందడి మొదలవుతుంది. పొదిలి, దర్శి, కనిగిరి, మార్కాపురం వంటి ఊళ్ళనుండి ఎందరో బాలబాలికలు గజ్జెలు మూటగట్టుకొని ఒంగోలు, గుంటూరు నగరాలలో జరిగే పోటీలకు బయలుదేరుతారు. కూచిపూడికి ఒక విభాగం, భరతనాట్యానికి ఒక విభాగం, జానపద నృత్యానికి మరొక విభాగం ఉంటాయి. ఎన్ని విభాగాలలో పేరు నమోదు చేసుకొంటే అన్ని బహుమతులకు అవకాశమనే లెక్క తల్లిదండ్రులకు సహజంగానే తోస్తుంది. ఒక్క నృత్యరీతిని పట్టుకొని కూర్చుంటే వెనుకబడిపోతామేమో అనే భయం పిల్లలకూ కలుగుతుంది. ఒక నర్తకి ఒంటరిగా రంగస్థలం మీద నిలబడడానికి ఎన్ని రీతులు నేర్చుకోవాలి? ఏ రీతిని ఎప్పుడు నేర్చుకోవాలి? ఈ ప్రశ్న చిన్నదిగా కనిపించినా దీనికి చెప్పుకొనే సమాధానం మీద ఒక కళాజీవితమే ఆధారపడి ఉంటుంది.

తెలుగునాట ఈ ప్రశ్నకు తన జీవితంతోనే సమాధానం చెప్పిన మహనీయుడు వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి. నేడు వేదిక మీద ఒక్క నర్తకి మాత్రమే నిలిచి గంటల తరబడి కూచిపూడి నాట్యం చేయగలుగుతున్నదంటే, ఆ బాటను తీర్చిదిద్దినవారిలో అగ్రగణ్యులు ఆయనే.

శాస్త్రిగారు 1886లో జన్మించారు. ఆయన వంశానిది కృష్ణాజిల్లా కూచిపూడి గ్రామం. మన ప్రాంతం నుండి గుండ్లకమ్మను, ఆపై కృష్ణానదిని దాటి వెళ్తే, వరిచేల నడుమ ఆ ఊరు కనిపిస్తుంది. పదకర్త క్షేత్రయ్య పేరుతో పెనవేసుకొన్న మొవ్వ గ్రామం దానికి పొరుగునే ఉన్నది. వేదాంతం, వెంపటి, చింతా, భాగవతుల, పసుమర్తి మొదలైన ఇంటిపేర్ల కుటుంబాలు అక్కడ తరతరాలుగా నాట్యాన్నే జీవికగా, వ్రతంగా స్వీకరించాయి. 1502 నాటి సంగతిని తెలిపే మాచుపల్లి కైఫీయతులో కూచిపూడి భాగవతుల ప్రస్తావన ఉన్నది. సిద్ధవటం పాలకుడైన సమ్మెట గురవరాజు ప్రజలను పెట్టిన బాధలను వారు విజయనగర ప్రభువు ఎదుట ప్రదర్శన రూపంలో నివేదించారని ఆ కైఫీయతు చెబుతున్నది. నాట్యం వినోదానికి మాత్రమే కాక, ప్రజల మొర వినిపించడానికి కూడా సాధనమైందని దీనివలన గ్రహించవచ్చు.

కూచిపూడి నాట్యానికి మూలపురుషుడు సిద్ధేంద్రయోగి అని సంప్రదాయం. ఆయన భామాకలాపాన్ని రచించి, ఆ అగ్రహారంలో పుట్టిన ప్రతి మగబిడ్డా జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని నియమం విధించాడని పెద్దలు చెబుతారు. స్త్రీపాత్రలను కూడా పురుషులే ధరించడం ఆ భాగవతుల ఆచారం. వేసవిలో పంటలు ఇళ్ళకు చేరిన తరువాత మేళాలు ఊరూరా తిరిగేవి. ఊరి నడుమ పందిరి వేసి, దివిటీల వెలుగులో రాత్రి తెల్లవార్లూ ప్రదర్శించేవారు. ముఖ్యపాత్ర ప్రవేశించేవేళ దివిటీ మంట మీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గున వెలుగు లేచేది. ఇద్దరు మనుషులు పట్టుకొన్న తెర మీదుగా సత్యభామ తన జడను ఇవతలికి వేసి, విద్యలో తనను మించినవారెవరని సభను సవాలు చేసేది. మద్దెల, తాళం, శ్రుతి తోడుగా భాగవతులు తామే పాడుతూ, తామే మాట్లాడుతూ, తామే ఆడేవారు.

అటువంటి వాతావరణంలో పెరిగే బాలునికి విద్య ఒక్క దిక్కునుండి రాదు. అడుగులు, జతులు సాధన చేయాలి. సంగీతం పాడాలి. సంస్కృతం చదవాలి. నాయికానాయక భేదాలను తెలిపే అలంకారశాస్త్రాన్ని అర్థం చేసుకోవాలి. హస్తముద్రలను, దృష్టిభేదాలను వివరించే నందికేశ్వరుని అభినయదర్పణాన్ని అభ్యసించాలి. ఈనాడు మనం వేరువేరు పాఠ్యాంశాలుగా భావించే ఈ విద్యలన్నీ అక్కడ ఒకే విద్యకు అంగాలు. లక్ష్మీనారాయణశాస్త్రి ఈ సంప్రదాయంలో తీర్చిదిద్దబడిన కళాకారుడు. ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికాలనే నాలుగు విధాల అభినయాలలో మనసులోని భావాన్ని ముఖంలో పలికించే సాత్త్వికాభినయం ఆయనకు ప్రాణం. పదాభినయంలో ఆయనకు సాటి రాగలవారు అరుదని ఆనాటి రసికులు భావించారు.

ఇరవయ్యవ శతాబ్ది పూర్వార్ధంలో కూచిపూడిని నిలబెట్టిన ముగ్గురు పెద్దలను కళాచరిత్ర ప్రత్యేకంగా స్మరిస్తుంది. వెంపటి వెంకటనారాయణ (1871-1935) సత్యభామ వేషానికి పేరుపొందారు. చింతా వెంకటరామయ్య (1860-1949) యక్షగానాలను మేళంగా ప్రదర్శించే పద్ధతిని క్రమబద్ధం చేసి, ఎందరో శిష్యులను తయారుచేశారు. మూడవవారైన లక్ష్మీనారాయణశాస్త్రి ఏకపాత్ర నృత్యాన్ని తన మార్గంగా ఎన్నుకొన్నారు. ముగ్గురూ ఒకే సంప్రదాయంలో పెరిగినవారే. ముగ్గురికీ కలాపం, యక్షగానం, పదం అన్నీ తెలిసినవే. అయినా ఒక్కొక్కరు ఒక్కొక్క దానిని తన జీవితధ్యేయంగా స్వీకరించారు. అన్నీ ఎరిగి ఉండడం వేరు, దేనికి తన ఆయుష్షును ధారపోయాలో నిర్ణయించుకోవడం వేరు. ఈ భేదాన్ని ఆ పెద్దలు ఆచరణలో చూపించారు.

శాస్త్రిగారి నిర్ణయం వెనుక కాలపు ఒత్తిడి కూడా ఉన్నది. రాత్రంతా సాగే ప్రదర్శనలను పోషించిన జమీందారీలు సన్నగిల్లుతున్న కాలమది. నాటకాలు, ఆపై చలనచిత్రాలు ప్రజలను ఆకర్షించసాగాయి. మరొకవైపు మద్రాసు నగరంలో సంగీతసభలు వెలిశాయి. టిక్కెట్టు కొని వచ్చిన ప్రేక్షకులు రెండు మూడు గంటల ప్రదర్శన కోరుకొనేవారు. 1935లో రుక్మిణీదేవి అడయారులో భరతనాట్య ప్రదర్శన ఇచ్చారు. మరుసటి సంవత్సరం కళాక్షేత్రాన్ని స్థాపించారు. అలరింపు, జతిస్వరం, శబ్దం, వర్ణం, పదం, తిల్లానా అనే క్రమంలో ఒక్క నర్తకి నడిపే భరతనాట్య కచేరీ విద్యావంతుల సమాజంలో గౌరవస్థానం పొందింది. ఇటువంటి సమయంలో పదిమందికి పైగా నటులు, వాద్యకారులు ఉండే భాగవత మేళం నగర వేదిక మీద ఎలా నిలవాలి?

ఆ స్థితిలో ఒక సులభమార్గం ఉన్నది. నగరంలో ఆదరణ పొందిన రీతిని నేర్చుకొని, దానినే బోధిస్తూ జీవించవచ్చు. శాస్త్రిగారు ఆ మార్గం తొక్కలేదు. తన సంప్రదాయాన్నే శోధించి, ఒంటరి నర్తకికి తగిన సామగ్రి అందులోనే ఉన్నదని గుర్తించారు. మేళం ప్రదర్శనలలో అక్కడక్కడ వచ్చే శబ్దాలు, నారాయణతీర్థుల కృష్ణలీలా తరంగిణిలోని తరంగాలు, జయదేవుని అష్టపదులు, క్షేత్రయ్య పదాలు, లీలాశుకుని శ్లోకాలు, భామాకలాపంలోని దరువులు వీటిలో ముఖ్యమైనవి. వీటిని ఒక్కొక్కటిగా ఏకపాత్ర నృత్యానికి అనువుగా మలచి ఆయన ప్రదర్శించారు, బోధించారు. కొత్త విత్తనం కొనితెచ్చి చల్లిన కృషి కాదది. ఉన్న పొలంలోనే లోతుగా దున్ని పండించిన పంట.

శాస్త్రంలో ఇటువంటి నృత్యానికి ఏకాహార్యమని పేరు. ఆహార్యమంటే వేషం. ఒకే వేషంలో ఉండి అనేక పాత్రలను అభినయించడం దీని లక్షణం. భామాకలాపంలో సత్యభామగా ఒకరు, మాధవిగా మరొకరు, కృష్ణునిగా ఇంకొకరు రంగం మీదకు వస్తారు. ఏకాహార్యంలో నాయిక, చెలికత్తె, నాయకుడు అందరూ ఆ ఒక్క నర్తకిలోనే ఉండాలి. నిలుచున్న చోటు మారితే, చూపు తిరిగితే, మెడ వంపు మారితే పాత్ర మారినట్లు ప్రేక్షకునికి తెలియాలి. నాయికగా ఎడమవైపు చూసి అడిగిన ప్రశ్నకు, చెలికత్తెగా కుడివైపు తిరిగి సమాధానం చెప్పాలి. ఆ రెంటి నడుమ ముఖభావం కలతపడకూడదు. వేషం మార్చుకొనే వ్యవధి లేదు, మాటల సహాయం తక్కువ. అందువలన ఏకాహార్యం సాధించాలంటే ఒక రీతినే చాలా లోతుగా తెలుసుకొని ఉండాలి.

శాస్త్రిగారి విద్యలో మరొక ప్రత్యేకత సంచారి. పదంలోని ఒక్క పంక్తిని గాయకుడు మళ్ళీమళ్ళీ పాడుతూ ఉంటే, నర్తకి ప్రతిసారీ దాని భావాన్ని కొత్తగా విస్తరించి చూపడాన్ని సంచారి అంటారు. ప్రియుడు రాలేదనే భావం ఉన్నదనుకొందాం. మొదటిసారి నాయిక వాకిలి వైపు చూస్తుంది. రెండవసారి దీపంలో తగ్గిపోయిన నూనెను గమనిస్తుంది. మూడవసారి అల్లి ఉంచిన దండ వాడిపోయిందని చేతితో తాకి తెలుసుకొంటుంది. నాలుగవసారి చందమామ నడినెత్తి దాటిపోయాడని గుర్తిస్తుంది. ఐదవసారి చెలికత్తె ముందు కన్నీరు దాచుకొంటుంది. పాట మారదు, మాట మారదు, తాళం తప్పదు. అయినా రాత్రి గడిచిపోయినట్లు మనకు తెలుస్తుంది. ఆ నాయిక వాసకసజ్జిక నుండి విరహోత్కంఠితగా ఎలా మారిందో మన కళ్ళ ముందే జరిగినట్లుంటుంది. ఇటువంటి అభినయానికి ముందే కూర్చి పెట్టుకొన్న చలనాలు చాలవు. సాహిత్యం అర్థం కావాలి, రాగం హృదయానికి అందాలి, లోకవృత్తం పరిశీలించి ఉండాలి. ఒకే పంక్తికి పది విధాల అభినయం నేర్చినవాడు పది రీతులలో ఒక్కొక్క అంశం నేర్చినవాని కంటె సంపన్నుడని ఈ విద్య తెలుపుతుంది.

శాస్త్రిగారు తీసుకొన్న మరొక సాహసోపేతమైన నిర్ణయం స్త్రీలకు నాట్యం నేర్పడం. కూచిపూడి భాగవతుల మేళాలలో స్త్రీలకు ప్రవేశం లేని రోజులవి. మరొకవైపు ఆలయాలలోను, ఆస్థానాలలోను నృత్యాన్ని, పదాభినయాన్ని తరతరాలుగా కాపాడుకొంటూ వచ్చిన కలావంతుల కుటుంబాల స్త్రీలు సమాజంలో నిందకు గురవుతున్నారు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీల అంకితాన్ని నిరోధించే చట్టం వచ్చింది. ఒక దురాచారం తొలగిపోవలసినదే. కాని దానితోపాటు ఆ స్త్రీలు మోసిన కళ కూడా నేలపాలయ్యే ప్రమాదం ఏర్పడింది. ఇటువంటి కాలంలో శాస్త్రిగారు కలావంతుల కుటుంబాల స్త్రీలకూ, ఇతర కుటుంబాల బాలికలకూ విద్యను ఇచ్చారు. తన అగ్రహారపు సరిహద్దులలో విద్యను బంధించి ఉంచితే అది తనతోనే అంతరించవచ్చునని గ్రహించిన దూరదృష్టి ఆయనది. ఒకప్పుడు స్త్రీ అడుగు పెట్టని ఈ రీతిలో నేడు అధికసంఖ్యాకులు స్త్రీలే కావడం ఆయన వంటి ఆచార్యుల ఫలమే.

మద్రాసులో ఆయన వద్ద అభినయం అభ్యసించినవారిలో సుప్రసిద్ధురాలు తంజావూరి బాలసరస్వతి (1918-1984). ఆమె వీణ ధనమ్మాళ్ మనుమరాలు. కందప్ప పిళ్ళై శిక్షణలో ఏడేళ్ళ వయసులో, 1925లో, కాంచీపురంలో అరంగేట్రం చేశారు. భరతనాట్యంలో ఆమె పునాది అచంచలమైనది. అటువంటి కళాకారిణి కూచిపూడి ఆచార్యుని వద్దకు మరొక రీతిని సంపాదించుకొనే ఉద్దేశంతో రాలేదు. వర్ణంలోను, పదంలోను ఒక్క పంక్తిని అప్పటికప్పుడు తన మనోధర్మంతో విస్తరించే నేర్పు కోసం వచ్చారు. శాస్త్రిగారు కూడా ఆమెను తన రీతిలోకి మార్చే ప్రయత్నం చేయలేదు. ఆమె స్వీకరించిన అభినయవిద్య ఆమె భరతనాట్యంలోనే కరిగి, దానినే మరింత కాంతిమంతం చేసింది. బాలసరస్వతి జీవితాంతం భరతనాట్య కళాకారిణిగానే నిలిచారు. 1977లో పద్మవిభూషణ పురస్కారాన్ని అందుకొన్నారు. నదిలో కలిసిన వాగునీరు నది పేరుతోనే ప్రవహించినట్లు, ఆమెలో శాస్త్రిగారి విద్య ప్రవహించింది.

ఆయన వద్ద విద్య గ్రహించిన మరొక ప్రసిద్ధురాలు యామినీ కృష్ణమూర్తి (1940-2024). మదనపల్లెలో జన్మించిన ఆమె బాల్యంలోనే కళాక్షేత్రంలో భరతనాట్యాన్ని అభ్యసించారు. శాస్త్రిగారి వద్ద, ఆపై చింతా కృష్ణమూర్తి, పసుమర్తి వేణుగోపాలకృష్ణశర్మ మొదలైన గురువుల వద్ద కూచిపూడి నేర్చుకొన్నారు. ఒడిస్సీని కూడా సాధించారు. మూడు రీతులలో వేదికనెక్కి, దేశవిదేశాలలో కీర్తి గడించి, 2016లో పద్మవిభూషణ పురస్కారం పొందారు. ఒక్క రీతినే పట్టుకోవాలనే నియమానికి ఆమె జీవితం విరుద్ధంగా కనిపించవచ్చు. సూక్ష్మంగా పరిశీలిస్తే అలా కాదు. ముందు ఒక రీతిలో సంవత్సరాల తరబడి శిక్షణ జరిగింది. ఆ పునాది మీదనే మిగిలినవి లేచాయి. ఒక్కొక్క రీతికి ఆ రీతిలో పండిన గురువులనే ఆమె ఆశ్రయించారు.

వెంపటి చినసత్యం (1929-2012) మార్గం వేరు. కూచిపూడిలో జన్మించి, తాడేపల్లి పేరయ్యశాస్త్రి, లక్ష్మీనారాయణశాస్త్రి మొదలైన పెద్దల వద్ద విద్య గ్రహించి, ఆయన మద్రాసులో స్థిరపడ్డారు. 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి, ఏకపాత్ర నృత్యానికి క్రమబద్ధమైన పాఠ్యప్రణాళికను ఏర్పరచారు. శ్రీకృష్ణ పారిజాతం, క్షీరసాగర మథనం వంటి నృత్యనాటకాలను రూపొందించారు. ఆయన ఎన్నుకొన్నది ఒక్క రీతినే. కాని ఆ ఒక్క రీతిలో ఏకపాత్రనూ, సమూహాన్నీ, బోధననూ, రూపకల్పననూ ఇముడ్చుకొన్నారు.

ఈ ముగ్గురి మార్గాలను పోల్చి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. బాలసరస్వతి ఒక రీతిలో ఉండి మరొక రీతి సారాన్ని గ్రహించారు. యామిని మూడు రీతులను ప్రదర్శించారు. చినసత్యం ఒక్క రీతినే విస్తరించారు. లెక్క ముగ్గురిదీ వేరు. పునాది విషయంలో మాత్రం ముగ్గురూ ఒక్కటే. ప్రతి ఒక్కరూ ముందు ఒక చోట వేరు తన్నుకొన్న తరువాతనే కొమ్మలు చాచారు.

దీనికి దేహశిక్షణకు సంబంధించిన కారణం కూడా ఉన్నది. ప్రతి నృత్యరీతి శరీరాన్ని ఒక విధంగా మలుస్తుంది. భరతనాట్యంలో మోకాళ్ళు పక్కలకు వంచి కూర్చున్నట్లు నిలిచే అరమండి ప్రధానం. చేతులు, కాళ్ళు సరళరేఖలు గీసినట్లు సాగుతాయి. కూచిపూడిలో అడుగుకు ఒక ఊపు, నడకకు ఒక విలాసం, మొత్తం చలనానికి నాటకీయమైన చురుకు ఉంటాయి. ఒడిస్సీలో మెడ, నడుము, మోకాలు మూడుచోట్ల వంగిన త్రిభంగి ముఖ్యం. కథక్‌లో శరీరం నిటారుగా నిలిచి, పాదాలు వేగంగా తాళాన్ని పలుకుతాయి, చుట్లు తిరగడం ప్రధానాకర్షణ. ఎముకలు, కండరాలు ఇంకా రూపుదిద్దుకొంటున్న వయసులో ఇవన్నీ ఒక్కసారే నేర్పితే శరీరం దేనికీ పూర్తిగా అలవాటు పడదు. కూచిపూడి ఆడుతుంటే భరతనాట్యపు గీత కనిపిస్తుంది, భరతనాట్యం ఆడుతుంటే కూచిపూడి ఊపు తొంగిచూస్తుంది. చూసేవారికి అది పాండిత్యంగా తోచదు, తడబాటుగా తోస్తుంది. ఒక రీతి శరీరంలో స్థిరపడిన తరువాత మరొకటి నేర్చుకొంటే, రెంటి నడుమ గీత ఎక్కడ ఉన్నదో నర్తకికే తెలుస్తుంది.

ఏకపాత్ర నృత్యం కూచిపూడికి మేలు మాత్రమే చేసిందని చెప్పలేము. కొంత నష్టం కూడా జరిగింది. భాగవతుడు తానే పాడుతూ, తానే సంభాషిస్తూ ఆడే వాచికాభినయం ఈ రీతికి గర్వకారణం. ఏకపాత్ర నృత్యంలో పాట గాయకునికి చేరింది. మాట బాగా తగ్గింది. తెల్లవార్లూ సాగే కథ రెండు గంటల కచేరీ అయింది. మేళాలలో చిన్న వేషాలు కట్టి జీవించే భాగవతులకు ఉపాధి సన్నగిల్లింది. భరతనాట్య కచేరీని చూసిన కంటితో చూసినవారికి రెండూ ఒకే విధంగా కనిపించే ప్రమాదం కూడా ఏర్పడింది. 1958లో ఢిల్లీలో జరిగిన నృత్యసదస్సులో కూచిపూడికి ప్రత్యేకమైన శాస్త్రీయ ప్రతిపత్తి ఉన్నదా అనే చర్చ తలెత్తింది. తెలుగువారు ఆ విషయాన్ని తేలికగా వదిలిపెట్టలేదు. 1959లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ ప్రత్యేక సదస్సు నిర్వహించింది. పండితులు, భాగవతులు సమావేశమై కూచిపూడి సంప్రదాయాన్ని ప్రమాణాలతో, ప్రదర్శనలతో నిరూపించారు. పాత్ర ప్రవేశ దరువు, వాచికాభినయం, ఇత్తడి పళ్ళెం అంచున నిలిచి చేసే తరంగం వంటి విశేషాలే కూచిపూడిని కూచిపూడిగా నిలబెట్టాయి. తన రీతికి స్వంతమైనదేదో ఎరిగి ఉండడం ఎంత అవసరమో ఈ చరిత్ర తెలుపుతున్నది. అది తెలియని నర్తకికి రెండవ రీతి అలంకారం కాజాలదు. మొదటిదాన్ని కూడా కమ్మివేస్తుంది.

ఆ సదస్సులను చూడడానికి శాస్త్రిగారు జీవించి లేరు. 1956లో ఆయన దివంగతులయ్యారు. అదే సంవత్సరం ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అవతరించింది. ఆయన జీవించిన డెబ్బై ఏళ్ళలో కూచిపూడి దివిటీల వెలుగునుండి విద్యుద్దీపాల వెలుగులోకి వచ్చింది. వీధి నుండి సభకు చేరింది. పురుషుల చేతినుండి స్త్రీలకు అందింది. ఈ మార్పులన్నిటిలో ఆయన పాత్ర ఉన్నది. అయినా తన సంప్రదాయాన్ని విడిచిపెట్టి ఆయన ఒక్క అడుగు కూడా వేయలేదు. ఆయన పేరు మీద చెప్పుకొనే ఆస్తులు పెద్దవి కావు. ఆయన ఆస్తి శిష్యుల ముఖాలలో పలికిన భావమే.

విద్యార్థులారా! పోటీ చెడ్డది కాదు. సభాకంపం పోగొట్టడానికి, సాధనకు గడువు ఏర్పరచడానికి అది తోడ్పడుతుంది. కాని పోటీపట్టికలోని విభాగాల సంఖ్య మన సాధనను నిర్ణయించరాదు. నృత్యమే కాదు, సంగీతమైనా, క్రీడ అయినా, మీరు ఎన్నుకొన్న శాస్త్రమైనా ఇదే న్యాయం వర్తిస్తుంది. ముందు ఒక విద్యను ఎన్నుకోవాలి. ఆ విద్యలో ఎవరూ ప్రశ్నించలేనంత గట్టిగా నిలబడాలి. అప్పుడు రెండవదాన్ని స్వీకరించవచ్చు. అది మొదటిదానికి బలాన్ని ఇస్తున్నదా, దాని బలాన్ని హరిస్తున్నదా అని ఎప్పటికప్పుడు పరీక్షించుకోవాలి. బలాన్నిస్తే ఆదరించాలి. హరిస్తే, ఎన్ని బహుమతులు తెచ్చినా, కొంతకాలం పక్కన పెట్టాలి. ఒక్క సంప్రదాయంలో నిలిచి, ఒక్క పంక్తిలో అనంతమైన భావాలను దర్శించిన లక్ష్మీనారాయణశాస్త్రి జీవితం ఈ వివేకాన్ని మనకు నేర్పుతున్నది.

అభ్యాసం

1. ఏకాహార్యమనగా ఏమి? భామాకలాప ప్రదర్శనకూ, ఏకపాత్ర నృత్యానికీ గల భేదాలను వివరించండి.
2. లక్ష్మీనారాయణశాస్త్రి ఏకపాత్ర నృత్యాన్ని ఎన్నుకోవడానికి ఆనాటి కాలపరిస్థితులు ఎలా కారణమయ్యాయి?
3. బాలసరస్వతి, యామినీ కృష్ణమూర్తి, వెంపటి చినసత్యం అనుసరించిన మార్గాలను పోల్చి చర్చించండి.
4. ఏకపాత్ర నృత్యం వలన కూచిపూడికి కలిగిన లాభనష్టాలను తెల్పండి.
5. నృత్యపోటీలలో పాల్గొనే మీ మిత్రురాలు ఒకేసారి మూడు రీతులు నేర్చుకోదలచింది. ఈ పాఠం ఆధారంగా ఆమెకు సలహా ఇస్తూ లేఖ వ్రాయండి.